ఎస్‌యూవీకి ఏ సైజు చక్రం? తారు రోడ్డుకూ మట్టిబాటకూ సరిపోయే ఎంపిక

సోలాపూర్, బళ్ళారి, హోసూరు, బరంపురం లాంటి చోట్ల వారమంతా తారు రోడ్డు మీద తిరిగే బండి, పంట పనికో దేవర మొక్కుకో వెళ్లినప్పుడు మట్టిబాట ఎక్కుతుంది. ఇలాంటి వాడకానికి ఎస్‌యూవీ కొనేటప్పుడు ఇంజనూ, సీట్లూ, ధరా గట్టిగా చూస్తాం. చక్రం సైజు మాత్రం ఎంచుకున్న వేరియంట్‌తో పాటే వచ్చేస్తుంది. ఖరీదైన వేరియంట్‌కు సాధారణంగా పెద్ద రిమ్ము ఇస్తారు. చూడటానికి బాగుంటుంది. కానీ రాత్రివేళ, మనిషి జాడలేని బాటలో, ఇంటిల్లిపాదీ బండిలో ఉండగా గుంతలో పడితే రిమ్ము వంగుతుందా లేదా అన్నది చాలావరకు ఈ సైజు మీదే ఆధారపడుతుంది. అందుకే ఈ వివరాలను ఒకచోట చేర్చి ఇస్తున్నాం.

టైరు మీది అంకెలు

255/65 ఆర్ 18 అని ఉంటే, 255 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం సైడ్‌వాల్ ఎత్తు, అంటే సుమారు 166 మి.మీ. ఆర్ అంటే రేడియల్. 18 అన్నది రిమ్ము సైజు, అంగుళాల్లో. పక్కనే 110 హెచ్ లాంటి గుర్తు ఉంటుంది. 110 అంటే ఒక్కో టైరు 1,060 కిలోల వరకు మోయగలదని, హెచ్ అంటే గంటకు 210 కి.మీ. వేగం వరకు తట్టుకోగలదని అర్థం.

రిమ్ము పెద్దదైతే బండి ఎత్తు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఎత్తును నిర్ణయించేది రిమ్ము కాదు, రిమ్మూ టైరూ కలిసిన మొత్తం చక్రం. మనకు తెలిసిన బండ్లనే చూద్దాం.

- టయోటా ఫార్చ్యూనర్: 265/65 ఆర్ 17 చక్రం ఎత్తు సుమారు 776 మి.మీ., 265/60 ఆర్ 18 ఎత్తు సుమారు 775 మి.మీ. ఎత్తు దాదాపు ఒకటే. కానీ 18 అంగుళాల దానిలో సైడ్‌వాల్ 13 మి.మీ. తక్కువ.
- మహీంద్రా థార్ (2020లో వచ్చిన మూడు తలుపులది): 245/75 ఆర్ 16 సైడ్‌వాల్ 184 మి.మీ., 255/65 ఆర్ 18 సైడ్‌వాల్ 166 మి.మీ. ఇక్కడ 18 అంగుళాల చక్రం మొత్తం మీద 15 మి.మీ. పెద్దది కాబట్టి బండి అడుగు 7 మి.మీ. పైకి లేస్తుంది. బదులుగా 18 మి.మీ. సైడ్‌వాల్ పోతుంది.
- మారుతి జిమ్నీ: 195/80 ఆర్ 15. చక్రం చిన్నదే (693 మి.మీ.), అయినా సైడ్‌వాల్ 156 మి.మీ. ఉంది.

సైడ్‌వాల్ ఎందుకు ముఖ్యం?

రాయి తగిలినా గుంతలో పడినా మొదట నలిగి దెబ్బను మింగేది సైడ్‌వాల్. అది పొట్టిదైతే దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. స్టీలు రిమ్ము సాధారణంగా వంగుతుంది, సుత్తితో సరిచేసుకుని ఇంటికి చేరే అవకాశం ఉంటుంది. అలాయ్ పగిలితే గాలి నిలవదు.

పొట్టి సైడ్‌వాల్‌కు మేలూ ఉంది. హైవే మీద మలుపుల్లో బండి ఊగదు, స్టీరింగు చెప్పినట్టు వింటుంది. పెద్ద రిమ్ములో పెద్ద బ్రేకులు పడతాయి. కాబట్టి ఏడాదంతా హైవే మీదే తిరిగే బండికి 18 అంగుళాలు తప్పేమీ కాదు.

నేలను బట్టి

రాయచూరు, బళ్ళారి, సోలాపూర్ వైపు నల్లరేగడిలో వాన పడితే బంక మట్టి టైరు గాళ్లలో నిండి చక్రం నున్నగా అయిపోతుంది. లోతు గాళ్ల మడ్ టైరు ఆ మట్టిని విదిలించుకుంటుంది కానీ తడి తారు మీద పట్టు తక్కువ, మోత ఎక్కువ, డీజిలూ ఎక్కువ తాగుతుంది. రెండు రకాల రోడ్లకూ ఆల్ టెర్రైన్ టైరే మధ్యేమార్గం. నేల బాగా నానిన రోజున మాత్రం ఏ టైరున్నా బాట ఆరేదాకా ఆగడమే మంచిది.

కోరాపుట్, రాయగడ ఘాట్లలో రాళ్ల బాట ఎక్కాలంటే వెడల్పు కన్నా సైడ్‌వాల్ ఎత్తు చూసుకోవాలి. యానాం లాంటి చోట రోడ్డు మీద నీళ్లు నిలిచినప్పుడు మరీ వెడల్పు టైరు త్వరగా నీటి మీద తేలి పట్టు తప్పుతుంది.

ఇసుకలో చిక్కుకుంటే గాలిని 20 పీఎస్‌ఐ దాకా తగ్గిస్తే టైరు నేల మీద పొడవుగా పరుచుకుని పట్టు దొరుకుతుంది. సైడ్‌వాల్ ఎత్తుగా ఉంటేనే ఇలా ధైర్యంగా తగ్గించగలం. అప్పుడు నెమ్మదిగానే నడపాలి, తారు రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి నింపాలి. బండిలో చిన్న గాలి పంపు ఉంచుకోవాలి.

సైజు మార్చాలనుకుంటే

థార్‌కు 245/75 ఆర్ 16 తీసి 265/75 ఆర్ 16 వేశారనుకుందాం. చక్రం 30 మి.మీ. పెరుగుతుంది. స్పీడోమీటరు లెక్క సుమారు 4 శాతం తగ్గుతుంది, అంటే ఇదివరకు 104 చూపే వేగానికి ఇప్పుడు 100 చూపుతుంది. పికప్ మందగిస్తుంది, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపల రాసుకోవచ్చు. చిన్న రిమ్ముకు దిగాలన్నా అది బ్రేకులకు తగలకుండా పట్టాలి.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి కావచ్చు. అదే మోడల్‌లో తయారీదారు వేరే వేరియంట్‌కు ఇచ్చిన సైజుకు మారితే చిక్కులు తక్కువ. మార్చే ముందు బీమా కంపెనీకి రాసి, జవాబు దాచుకోవాలి.

ఫోర్ వీల్ డ్రైవ్ బండికి నాలుగు చక్రాలూ ఒకే సైజులో, దగ్గర దగ్గర అరుగుదలలో ఉండాలి. తేడా ఉంటే గేర్ల వ్యవస్థ మీద భారం పడుతుంది. స్టెప్నీ కూడా అదే సైజు కావాలి.

కొనేముందు

1. మీరు తరచూ వెళ్లే ఊరికి దగ్గరి పట్టణంలో టైరు షాపుకు వెళ్లి, మీ సైజు వెంటనే దొరుకుతుందా అని అడగండి. రెండు రోజులు ఆగమంటే ఆ సైజు మీకు పనికిరాదు.
2. లోడు అంకె కంపెనీ టైరు కన్నా తగ్గకూడదు.
3. సైడ్‌వాల్ మీది నాలుగంకెల తేదీ చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం.
4. గాలి ఎంతో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు చెబుతుంది. గాళ్లు 1.6 మి.మీ.కు అరగకముందే టైరు మార్చాలి.

నెలకు రెండుసార్లయినా మట్టిబాట ఎక్కే కుటుంబానికి మా సలహా ఒకటే: తయారీదారు ఇచ్చిన సైజుల్లో చిన్న రిమ్మూ ఎత్తు సైడ్‌వాల్ ఉన్నదే తీసుకోండి, మిగిలిన డబ్బు మంచి టైర్ల మీద పెట్టండి.