షికార్, షికార్‌గాహ్, ఓ తాబేలు

బాసీ ఈద్ నాడు విశాఖలో మా ఆపా ఇంట్లో ఉన్నాం. ఆమె కూతురు "మామూ, ఎక్కడికైనా షికారు పోదాం" అంది. కంబాలకొండకి బయల్దేరదీశాను. దారిలో చెప్పాను: ఫార్సీలో షికార్ అంటే వేట, షికారీ అంటే వేటగాడు. ఆ లఫ్జ్ ఉర్దూ గుండా తెలుగులోకి వచ్చేసరికి దాని చేతిలోంచి తుపాకీ జారిపోయింది. సరదాగా తిరిగి రావడం ఒక్కటే మిగిలింది. పిల్ల కాసేపు ఆలోచించి, "అయితే జంతువులకి ఈ సంగతి తెలుసా?" అంది.

కంబాలకొండ ఊరిని ఆనుకునే ఉంది. సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. సముద్రం అంత దగ్గర్లో ఉన్నా ఇది తడి అడవి కాదు. రాళ్ల గుట్టలు, ముళ్ల పొదలు, నీళ్లు తక్కువైనా ఓర్చుకుని పచ్చగా ఉండే చెట్లు. లోపల చిరుతలున్నాయి. మాకు కనబడలేదు. అల్హమ్దులిల్లాహ్ అంది ఆపా.

ఒకప్పుడు ఈ కొండ విజయనగరం పూసపాటి రాజులది. వాళ్ల తారీఖ్‌కి, మా శ్రీకాకుళానికి పాత రిష్తా ఉంది. కుతుబ్‌షాహీల జమానాలో మా ఊరు చికాకోల్ సర్కార్‌కి ముఖ్యపట్టణం. 1641లో ఫౌజ్‌దార్ షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మస్జిద్ ఇప్పటికీ ఉంది. కోస్తాని 'సర్కారు జిల్లాలు' అనడం కూడా ఆ సర్కార్ల వల్లే. 1687లో గోల్కొండ కూలింది, మొఘలులొచ్చారు. తర్వాత నిజాం, 1753లో ఫ్రెంచివాళ్లు, 1766 ఒప్పందంతో ఇంగ్లీషువాళ్లు. హుకూమత్ ఎవరిదైనా కొండల మీద చెలామణీ మాత్రం స్థానిక రాజులదే. 1802 శాశ్వత శిస్తు పద్ధతి దాన్ని జమీందారీగా ఖరారు చేసింది, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం ఆ జమీందారీలకు ముగింపు పలికింది. కంబాలకొండ అభయారణ్యం అయింది ఇంకా చాలా తర్వాత, 2002లో.

బాద్షాహైనా రాజైనా, అడవిని కాపాడించింది రహమ్‌తో కాదు, షౌఖ్‌తో. రేపు తాను కొట్టాల్సిన జంతువుని ఇవాళ ఇంకొకడు కొట్టకూడదు, అంతే. దాని పేరే షికార్‌గాహ్. జహంగీర్ తన తుజుక్‌లో ఈ లెక్క దాచలేదు: పన్నెండో ఏట నుంచి యాభయ్యో ఏడు దాకా తన షికార్లలో 28,532 జంతువులు పడ్డాయి, అందులో 17,167 తన చేత్తోనే. మళ్లీ అదే మనిషి మన్సరాజ్ అనే పెంపుడు జింక చనిపోతే దానికి సమాధి కట్టించాడు. ఆ మైదానంలో జింకని ఎవరూ కొట్టకూడదు, దాని మాంసం హిందువుకి ఆవుతో, ముసల్మాన్‌కి పందితో సమానం అని హుకుం జారీ చేశాడు. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న షేఖూపురాలోని హిరన్ మీనార్ ఆ జింక యాద్‌లో కట్టిందే. నాకు మాత్రం మీనార్ కన్నా ఆ హుకుమే పెద్ద కట్టడం అనిపిస్తుంది.

విజయనగరం వంశంలోనూ ఓ షికారీ ఉన్నాడు. 1936లో ఇంగ్లండ్‌లో మన క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా వెళ్లిన విజ్జీ. మూడొందలకు పైగా పులుల్ని కొట్టానని చెప్పుకునేవాడట. ఆయన రేడియో కామెంటరీ విన్న ఓ విదేశీ ఆటగాడు, ట్రాన్సిస్టర్ పెట్టి విసిగించి చంపారేమో అన్నాడని లతీఫా. ఆ పులులు కంబాలకొండవని నేననడం లేదు. ఆ జమానా మిజాజ్ చెబుతున్నానంతే.

సెలవులింకా ఉన్నాయి కదా అని పిల్లని మాతో శ్రీకాకుళం తీసుకొచ్చాం. మర్నాడు శ్రీకూర్మం వెళ్లాం. షికార్‌తో సంబంధం లేకుండా ఓ జానవర్‌కి పనాహ్ దొరికిన చోటు అది. కూర్మనాథుడి గుడి పాతది. మధ్వాచార్యుల శిష్యుడు, కళింగంలో అధికారం నెరిపిన నరహరి తీర్థుల 1281 నాటి శాసనం అక్కడుంది. గుడి ఆవరణలోని తాబేళ్ల దగ్గరికి వెళ్తుంటే మమ్మల్ని ఎవరూ మీరెవరని అడగలేదు.

అవి నక్షత్ర తాబేళ్లు. నల్లటి డొప్ప మీద పసుపు చారలు, చుక్క మెరిసినట్టు. తమాషా ఏమిటంటే, పురాణంలో కూర్మం సముద్రంలో కొండని మోసింది. ఈ తాబేలు మాత్రం నీళ్ల జీవి కాదు. దీని వతన్ మెట్టనేలలు, ముళ్ల పొదలు, కంబాలకొండలాంటి ఎండు కొండలు. తొలకరి పడితే చురుగ్గా బయటికొస్తుంది. అప్పుడే మనిషి చేతికీ చిక్కుతుంది. పొలంలో కనబడిన దాన్ని భక్తితో తెచ్చి గుడిలో వదిలేవాళ్లున్నారు. ఇంట్లో ఉంటే బర్కత్ అని దొంగచాటుగా కొనేవాళ్లున్నారు, ఈ రెండో రకం అన్ని మజహబుల్లోనూ ఉన్నారు. 1972 వన్యప్రాణి చట్టం కింద దీన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం జుర్మ్. 2019లో దేశాల మధ్య వ్యాపారాన్నీ నిషేధించారు. అయినా సూట్‌కేసుల్లో కుక్కి విమానాలెక్కించే బేరం ఆగలేదు. పులిని రాజు పొగరు చంపితే, దీన్ని మన మొహబ్బత్ ఇల్లు విడిపించింది.

ఓ తాబేలు గోడ వెంబడే నడుస్తోంది. మూల రాగానే ఆగి, తల ఎత్తి, మళ్లీ గోడ వెంబడే.

"మామూ, దీన్ని కంబాలకొండకి షికారు తీసుకెళ్దామా?" అంది పిల్ల.

అలా కుదరదని చెప్పాను. ఏ కొండదో తెలియని తాబేలుని ఇంకో కొండమీద వదిలితే దీని రోగాలు అక్కడివాటికి అంటుకోవచ్చు, పైగా మనంతట మనం తీసుకెళ్తే మనమూ ముజ్రిమ్‌లమే. ఆమె వినలేదు. తాబేలు వెనకే వంగి, దానితోపాటు రెండో మూల దాకా నడిచింది.