రాజీ పైసలు వేరు, పరిహారం వేరు

నిరుడు మా దోస్తును టేషన్ల కొట్టిన్రు. పెద్దమనిషి ఒకాయన పదివేలు చేతుల వెట్టి రాజీ అన్నడు. గది పరిహారం గాదు తమ్మీ, నోరు మూసే పైసలు.

పోలీసుల తప్పుకు సర్కారు కట్టుడు ఊకెనే రాలె. మీరట్‌ల యాపారి కాడ పట్టుకున్న బంగారం హెడ్ కానిస్టేబులే ఎత్తుకొని పాకిస్తాన్ ఉరికిండు. సర్కారుకు బాధ్యత లేదని 1964ల సుప్రీంకోర్టే అన్నది! ఒడిశాల కొడుకు కస్టడీల సచ్చిపోతే నీలబతి బెహరా అనే తల్లి గదే కోర్టుకు ఉత్తరం రాసింది. 1993ల లక్షా 50 వేలు ఇప్పిచ్చిన్రు.

దెబ్బలుంటే ముందు సర్కారు దవాఖానల రాయించుకోవాలె. కేసు రాసుకోకుంటే ఎస్పీకి పోస్టుల పంపాలె, గాడ గాకుంటే మెజిస్ట్రేటు. మానవ హక్కుల కమిషన్‌కు ఏడాది లోపల్నే రాయాలె. అది సిఫారసే జేస్తది, అయినా రాయాలె.

మా దోస్తు పైసలు తీసుకున్నడు, ఆళ్ల అవ్వకు మందులు కావాలె. ఏడాది నిండనీకి ఇంక రెండు నెల్లుంది. దరఖాస్తు నేనే రాస్తున్న.