కాశీబాట - ఇనుపబాట

1830వ సంవత్సరము మే నెలలో, చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు పెద్ద పరివారముతో కాశీయాత్రకు బయలుదేరిరి. పల్లకి, దానిని మోయు బోయీలు, సామానులకు కావడివాండ్రు - ఇదియే వారి ప్రయాణ సన్నాహము. కడప సీమ మీదుగా హైదరాబాదు, అటనుండి నిర్మల, నాగపూరు, జబ్బల్పూరు దాటి వారు ప్రయాగ, కాశీ క్షేత్రములను చేరిరి. తిరుగుదారిలో కలకత్తాను చూచి, జగన్నాథస్వామిని సేవించి, తూర్పు తీరము వెంబడి రాజమహేంద్రవరము మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. పదునైదు మాసములకు పైబడిన ఆ ప్రయాణపు వృత్తాంతమే 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’.

వారు పోయిన దారియు, వచ్చిన దారియు తెలుగుదేశమునకు క్రొత్తవి కావు. యాత్రికులు, వర్తకులు, సైన్యములు తరతరములుగా నడచిన బాటలవి. ఢిల్లీలో ఉద్యోగము చేయు తెలుగు గృహస్థు వేసవి సెలవులకు పిల్లలతో ఇంటికి పోవు రైలుదారి స్థూలముగ ఆ మొదటి బాటయే. కలకత్తాలోని తెలుగువాని దారి ఆ రెండవ బాటయే. కాని ఇనుపపట్టాలు ఆ బాటలకు చేరుటకు ఒకదాని విషయమున డెబ్బది యేండ్లు, రెండవదాని విషయమున నూరేండ్లు పట్టినవి. ఈలోగా రైలు ఇతర దిక్కులకు పోయెను. అది ఎందుకట్లు పోయెనో విచారించినచో, రైలుమార్గముల పటము వట్టి గీతల కూర్పు గాదనియు, ఎవరి అవసరమునకు ఎవరి ధనము వ్యయమైనదో తెలుపు లెక్కల పుస్తకమనియు బోధపడును.

దక్షిణ దేశమున ఇనుపపట్టాలు మొదట మోసినది మనుష్యులను గాదు, రాళ్లను. 1837లో చెన్నపట్టణ సమీపమున రెడ్ హిల్స్ నుండి రోడ్లకు కావలసిన రాయిని తెచ్చుటకు ఒక చిన్న మార్గము ఏర్పడెను. 1845లో ధవళేశ్వరము వద్ద గోదావరి ఆనకట్టకు రాయి చేరవేయుటకై మరియొకటి వేయబడెను. 1853 ఏప్రిల్ 16వ తేదీన బొంబాయి బోరీబందరు నుండి ఠాణాకు 21 మైళ్ల దూరము తొలి ప్రయాణికుల బండి నడచెను. 1856లో చెన్నపట్టణమునందలి రాయపురము స్టేషను నుండి వాలాజా రోడ్డు వరకు దక్షిణమున మొదటి ప్రయాణికుల మార్గము తెరువబడెను.

1853 ఏప్రిల్ 20వ తేదీన గవర్నరు జనరలు డల్హౌసీ ప్రభువు వ్రాసిన వ్రాతపత్రము ఈ దేశపు రైల్వేలకు పునాది యనదగినది. దండులను శీఘ్రముగ తరలించుట, లోనాడులందలి ప్రత్తిని రేవులకు చేర్చుట, సీమసరకులను రేవులనుండి లోనాడులకు పంపుట - ఈ మూడును అందు ప్రధానముగ కనబడును. ఒక తెలుగు పట్టణమునుండి మరియొక తెలుగు పట్టణమునకు జనులు పోవలసిన పని యుండునన్న ఆలోచనకు అందు చోటు లేదు. ప్రతి మార్గమును ఒక రేవు వద్ద మొదలై లోనాటికి ప్రాకవలెను. చెన్నపట్టణము, బొంబాయి, కలకత్తా - ఈ మూడు రేవులకు మూడు వేళ్లవలె మార్గములు వ్యాపించెను.

ఇందుకు ధనమెక్కడిది? లండనులో వాటాలు కొన్నవారికి నూటికి అయిదు వంతున వడ్డీ ముట్టునట్లు ప్రభుత్వము పూచీపడెను. రైలుకు లాభము వచ్చినను రాకున్నను వాటాదారునకు వడ్డీ తప్పదు; తక్కువబడిన మొత్తము ఈ దేశపు రాబడినుండి చెల్లవలెను. అట్టి వాటాదారునకు తన సొమ్ము హుగ్లీ నదిలో పారవేసినను, ఇటుకగా సున్నముగా మారినను ఒక్కటియేయని, భారత ప్రభుత్వమున ఆర్థిక సభ్యుడుగా పనిచేసిన మాసీ దొరయే 1872లో పార్లమెంటు విచారణ సంఘము ముందు సాక్ష్యమిచ్చెను. పొదుపునకు ప్రేరణయే లేని యేర్పాటది. తెలుగు రైతు కట్టిన శిస్తు కూడ ఆ వడ్డీలో కలిసినది.

ఈ పద్ధతిని ఎదిరించిన ఆంగ్లేయులలో ముఖ్యుడు తెలుగువారికి చిరపరిచితుడైన సర్ ఆర్థర్ కాటన్. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టి డెల్టాను సస్యశ్యామలము గావించిన ఆ ఇంజనీరు, రైళ్లకు వెచ్చించు ధనములో కొంతయైనను కాలువలకు వెచ్చించినచో భూమికి నీరు, సరకునకు చౌకదారి రెండును సమకూరునని జీవితాంతము వాదించెను. 1878లో పార్లమెంటు సంఘము ఎదుట సైతము అదే మాట చెప్పెను. అధికారులు ఆయనను ఒక పట్టుదల పట్టిన వృద్ధునిగ భావించిరే గాని, ఆయన మాట చెవినిడినవారు తక్కువ.

అప్పటికి రైలు తెలుగు సీమలో ప్రవేశించియుండెను. చెన్నపట్టణమునుండి కడప, గుంతకల్లు మీదుగా రాయచూరు చేరిన మార్గము 1871లో బొంబాయినుండి వచ్చిన మార్గముతో కలిసెను. రాయలసీమకు రైలు వచ్చెననుమాట నిజమే. కాని అది రాయలసీమకొరకు వచ్చినది గాదు. రెండు రేవులను కలుపుచు నడుమ నున్న సీమను దాటిపోయినది. కాశీకి పోదలచిన చెన్నపట్టణపు యాత్రికుడు ఇప్పుడు పల్లకి విడిచి రైలెక్కగలడు. అయిన ఉత్తరమునకు పోవుటకై ముందు పడమటికి, బొంబాయి దిక్కునకు, పోయి చుట్టి రావలెను.

1876-78 సంవత్సరముల ధాత కరవు ఆ పటమును పరీక్షించెను. ఆ కరవున దక్షిణాపథమున లక్షలకొలది జనులు మడిసిరి. రైలు కొన్ని చోట్లకు ధాన్యము తెచ్చినది. ధర యెక్కువ పలుకు చోటికి ధాన్యము తరలిపోవుటకును అదే రైలు ఉపకరించినది. కొన శక్తిలేని కూలివానికి స్టేషనులో పేరుకొన్న బస్తాలు కంటికే గాని కడుపునకు అందలేదు. 1880లో దుర్భిక్ష విచారణ సంఘము కరవు నివారణకై క్రొత్త మార్గములు విరివిగా వేయవలెనని సిఫారసు చేసెను. గుంతకల్లు నుండి నంద్యాల, గుంటూరు మీదుగా కృష్ణాతీరమునకు వచ్చిన బళ్లారి - కృష్ణా రైల్వే అట్టి కరవు మార్గములలో నొకటి. నీరు గల సీమకు, నీరు లేని సీమకు తొలిసారిగ నేరుగా లంకె కుదిరినది. జనుల క్షేమమును పేర్కొని తెలుగుదేశమున వేసిన మొదటి ప్రధాన మార్గమిదియే యనవచ్చును. అందుకు అన్ని ప్రాణములు పోవలసివచ్చెను.

నిజాం రాజ్యమున కథ వేరు, తీరు ఒకటే. సికింద్రాబాదు దండును బొంబాయి మార్గముతో కలుపుటకు వాడీ నుండి ఇంచుమించు 120 మైళ్ల దారి నిజాం ప్రభుత్వ ధనముతో వేయబడి, 1874లో తెరువబడెను. అప్పుడు దివానుగ నుండినవారు మొదటి సాలార్‌జంగు. వారు 1883 ఫిబ్రవరిలో మరణించిరి. ఆ యేటనే ఈ మార్గమును లండను కంపెనీకి అప్పగించి, బెజవాడకును చాందాకును పొడిగింపవలెనను ఏర్పాటు జరుగుచుండెను. కంపెనీ వడ్డీకి పూచీ నిజాం ఖజానా. షరతులేమో ప్రజలకు తెలుపవలెనని, చర్చకు పెట్టవలెనని నగరమున కొందరు విద్యాధికులు కోరిరి. వారిలో ముఖ్యులు సరోజినీదేవి తండ్రిగారైన అఘోరనాథ చట్టోపాధ్యాయులు, ముల్లా అబ్దుల్ ఖయ్యూముగారు. ఫలితముగా అఘోరనాథులు రాజ్యమునుండి వెడలగొట్టబడిరి. అప్పటికి సరోజిని నాలుగేండ్ల బాలిక. హైదరాబాదులో ప్రభుత్వపు లెక్కను ప్రజలు అడిగిన తొలి ఆందోళనములలో ఇది యొకటిగా చరిత్రకారులు ఎంచుదురు. ఒక రైలుదారి ఖర్చు ఎవరు భరింతురను ప్రశ్న అంత దూరము పోయెను.

వారిని వెడలగొట్టిన తరువాత ఒప్పందము జరిగెను. మార్గము వరంగల్లు మీదుగా 1889లో బెజవాడ చేరెను. ఇల్లెందు ప్రాంతమున భూగర్భశాఖకు చెందిన విలియం కింగు 1871లో కనుగొన్న సింగరేణి బొగ్గునకు ఈ మార్గమే ద్వారమైనది. తెలంగాణము, కోస్తా సీమలు ఇనుపపట్టాలతో కలిసినది ఈ 1889లోనే. చెన్నపట్టణము బొంబాయితో కలిసిన పదునెనిమిది యేండ్లకు గాని హైదరాబాదు బెజవాడతో కలియలేదు. చాందా మార్గము మాత్రము కాగితముమీదనే నిలిచిపోయెను.

ఇక వీరాస్వామయ్యగారు తిరిగి వచ్చిన బాట. 1893 మొదలు 1896 వరకు బెజవాడనుండి కటకము దాక ఇంచుమించు 800 మైళ్ల ఈస్టు కోస్టు రైల్వే విడతలుగా తెరువబడెను. 1899లో బెజవాడకు చెన్నపట్టణముతో నేరుగా సంబంధము కలిగెను. మిగిలిన ఆటంకము గోదావరి. రైలు ఒక గట్టున ఆగవలెను, జనులు రేవు దాటి అవతలి గట్టున మరల బండి యెక్కవలెను. 1897లో ఆరంభమైన వంతెన 56 ఖానాలతో పూర్తియై 1900 ఆగస్టు 30వ తేదీన తెరువబడెను. గవర్నరు హేవ్‌లాకు పేర అది వెలసినది. నీటిదారియే మేలని వాదించిన కాటన్ దొర అంతకు ముందటి సంవత్సరము, 1899లో, కన్నుమూసెను. ఆయన ఆనకట్టకు కొలది మైళ్ల ఎగువన, ఆయన నిలువరించిన నీటిమీదుగా రైలు సాగిపోయెను. నదికి ఆనకట్ట, వంతెన రెండును దక్కినవి. 1997లో విశ్రాంతి పొందువరకు ఆ వంతెన తన పని తాను చేసినది.

ఈ మార్గము పూర్తియైన వెంటనే రెండు కంపెనీలకు పంపకమైనది. వాల్తేరుకు దక్షిణము మద్రాసు రైల్వేకు, ఉత్తరము బెంగాల్ నాగపూరు రైల్వేకు పోయెను. ఈ పంపకమువలన ఉత్తరాంధ్ర కూలీలు, పనివాండ్రు వేలకొలది ఖరగ్‌పూరు కార్ఖానాలకు పోయి స్థిరపడిరి. నేటికిని ఖరగ్‌పూరు వీథులలో తెలుగు వినబడుటకు మూలమిదియే. ఆ రైల్వే కార్మికులు 1928లో సమ్మె సలిపినపుడు నాయకత్వము వహించినవారు వరాహగిరి వేంకటగిరిగారు. వారే 1969లో రాష్ట్రపతి పదవి నలంకరించిరి.

పట్టణముల భాగ్యము కూడ తారుమారైనది. 1839 తుపానునకు దెబ్బతిన్న కోరంగి, 1864 ఉప్పెనలో ముప్పదివేల జనమును గోల్పోయిన మచిలీబందరు ముఖ్యమార్గమునకు దూరమైపోయి మరల తల యెత్తలేదు. కృష్ణయొడ్డున నుండిన బెజవాడ నాలుగు దిక్కుల బండ్లు కలియు జంక్షనై వాటి స్థానమును ఆక్రమించెను. గుంతకల్లు, కాజీపేట, డోర్నకల్లు రైలు పెంచిన ఊళ్లు. 1931లో రాయపూరు మార్గము, 1933లో హార్బరు ఏర్పడి విశాఖపట్టణము పెద్ద రేవైనది.

మార్గములు వేసినవారు తలపని ఫలము మరియొకటి కలదు. దండులకును ప్రత్తికిని వేసిన పట్టాలమీద జనులు ప్రయాణము చేయజొచ్చిరి. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన బాపట్ల చెన్నపట్టణము దారిలోని రైలు స్టేషనే. 1921లో అఖిల భారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమైనపుడు గాంధీమహాత్ముని దర్శనార్థము వచ్చిన జనసమూహములను తెచ్చిన సాధనములలో ముఖ్యమైనది రైలు. పరిపాలకుని బండి పాలితులను ఒకచోట చేర్చినది.

చివరకు మొదటి బాట. 1883లో ఏ చాందా దిక్కు మార్గమునుగూర్చి అఘోరనాథులు లెక్క అడిగిరో, ఆ దిక్కుననే కాజీపేట - బల్లార్షా మార్గము 1929 నాటికి పూర్తియయ్యెను. దానితో చెన్నపట్టణమునకు ఢిల్లీకి నడుమ నేరుదారి కుదిరెను. ఆ యేటనే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ పెషావరు - మంగళూరుల నడుమ నడువ మొదలిడి, అనతికాలమున ఢిల్లీ - మద్రాసు బండిగ స్థిరపడెను. వీరాస్వామయ్యగారు పల్లకి యెక్కిన నాటినుండి అప్పటికి తొంబదితొమ్మిది సంవత్సరములు.

1951లో నిజాం రైల్వే దేశపు రైల్వేలలో కలిసెను. 1966 అక్టోబరు 2వ తేదీన సికింద్రాబాదు కేంద్రముగ దక్షిణ మధ్య రైల్వే ఏర్పడెను. ఎవరి శిస్తుతో ఆ పట్టాలు పరువబడెనో వారి ప్రభుత్వమే వాటికి యజమాని యయ్యెను. పట్టాల క్రింద రాయి పరచిన కూలీల పేర్లు, బుట్టలతో మన్ను మోసిన స్త్రీల పేర్లు ఏ స్టేషను గోడమీదను కానరావు. ఢిల్లీనుండి ఇంటికి పోవు తెలుగు కుటుంబము బల్లార్షా దాటి, ప్లాట్‌ఫారముమీద తొలి తెలుగు మాట విని, పిల్లలను నిద్రలేపునపుడు, ఆ బండి నడచునది నూరేండ్లు ఆలస్యముగ చేరిన పాతబాటమీదనని తెలిసియుండుట మంచిది.