డ్రాగ్ రేసింగ్ టైర్లలో ట్యూబులు

డ్రాగ్ రేసింగ్ కార్ల వెనక చక్రాలకు తొడిగే స్లిక్ (గాట్లు లేని నున్నటి) టైర్లలో ఇప్పటికీ చాలామంది ట్యూబు వేస్తారు. అమెరికాలో మామూలు కార్లు 1955 ప్రాంతం నుంచే ట్యూబ్‌లెస్ టైర్లకు మారిపోయాయి. ఆ దేశంలోనే పుట్టి, అక్కడే ఎక్కువగా సాగే ఈ పందెంలో మాత్రం ట్యూబు ఎందుకు మిగిలిపోయిందో తెలియాలంటే ముందు స్లిక్ నిర్మాణం చూడాలి.

డ్రాగ్ రేసంటే రెండు కార్లు పక్కపక్కన నిలబడి, తిన్నటి దారిలో పావు మైలు (1,320 అడుగులు, సుమారు 402 మీటర్లు) ఎవరు ముందు దాటుతారో తేల్చుకునే పందెం. ఎనిమిదో వంతు మైలు పందేలు కూడా ఉన్నాయి. 1950లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనా విమానాల రన్‌వే మీద టికెట్టు పెట్టి ఈ పందేలు నడిపారు. మరుసటి ఏడు వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. తొలి రోజుల్లో పాత టైర్ల మీద నున్నటి రబ్బరు అతికించి రీట్రెడ్ చేసుకుని వాడేవారు. 1950లలోనే మాసచూసెట్స్‌కు చెందిన మార్విన్ రిఫ్‌చిన్ ఈ పందేలకోసమే టైర్లు తయారుచేయడం మొదలుపెట్టాడు. ఆయన టైర్ల పేరు ఎం అండ్ హెచ్ రేస్‌మాస్టర్ ఈ రంగంలో ఇప్పటికీ వినిపిస్తుంది. 1960లలో పక్కగోడ ముడతలు పడే స్లిక్కులు వచ్చాయి. ట్యూబు కథకు అసలు మూలం ఆ ముడతల్లోనే ఉంది.

పచ్చదీపం వెలిగి కారు కదిలిన క్షణంలో రిమ్ము ముందుకు తిరుగుతుంది, నేలను పట్టుకున్న రబ్బరు ఇంకా అక్కడే ఉంటుంది. మధ్యలో ఉన్న పక్కగోడ మెలితిరిగి ముడుచుకుంటుంది. ఇంజిను పెట్టే దెబ్బను ఆ మెలిక కాస్త మింగుకుంటుంది, నేలకు ఆనే రబ్బరు పొడవు పెరుగుతుంది, చక్రం గిర్రున జారిపోకుండా పట్టు దొరుకుతుంది. ఇదంతా జరగాలంటే పక్కగోడ పలచగా, మెత్తగా ఉండాలి, లోపల గాలి తక్కువగా ఉండాలి. మన కారు టైరులో ముప్పై, ముప్పై రెండు పౌండ్ల గాలి పెట్టిస్తాం. బయాస్ అల్లిక (లోపలి దారాలు ఏటవాలుగా దాటే) స్లిక్కులో కారు బరువును బట్టి, టైరు కొలతను బట్టి ఎనిమిది నుంచి పదిహేను పౌండ్ల మధ్య పెడతారు. (ఇక్కడ పౌండ్లంటే చదరపు అంగుళానికి పౌండ్లు.)

ట్యూబ్‌లెస్ టైరు గాలిని పట్టి ఉంచేది లోపలివైపు ఉండే బ్యూటైల్ రబ్బరు పొర వల్ల. 1937లో స్టాండర్డ్ ఆయిల్ ప్రయోగశాలలో కనిపెట్టిన ఈ రబ్బరు లోంచి గాలి, సహజ రబ్బరుతో పోలిస్తే పదో వంతు మాత్రమే దాటిపోతుంది. బి.ఎఫ్. గుడ్రిచ్ కంపెనీ ఇంజనీరు ఫ్రాంక్ హెర్జెగ్‌కు 1952లో ట్యూబ్‌లెస్ టైరు మీద పేటెంటు వచ్చింది. రోడ్డు టైరుకు ఈ పొర బరువు లెక్కలోకి రాదు. స్లిక్కులో మాత్రం అది పక్కగోడను బిరుసు చేస్తుంది, అందుకని చాలా బయాస్ స్లిక్కుల్లో ఈ పొర ఉండదు, ఉన్నా నామమాత్రం. కొత్త స్లిక్ పక్కగోడ మీద సబ్బునీళ్లు పూస్తే కంటికి కనబడని రంధ్రాల్లోంచి సన్నటి బుడగలు లేస్తాయి. అది తయారీ లోపం కాదు. పలచగా ఉండడం కోసం చెల్లించిన మూల్యం.

ఇలా గాలి కారడం రోడ్డు మీద పెద్ద విషయం కాకపోవచ్చు. ముప్పై రెండులో ఒక పౌండు పోయినా డ్రైవరుకు తెలియదు. పన్నెండులో ఒక పౌండు పోతే పన్నెండో వంతు పోయినట్టే. డ్రాగ్ పందెగాళ్లు గాలిని పావు పౌండు చొప్పున సర్దుకుంటారు. మొదటి పరుగుకూ రెండో పరుగుకూ మధ్య అర పౌండు తనంతట తానే తగ్గిపోతే, కారు జారింది గాలి వల్లనా, క్లచ్ వల్లనా, దారి వేడెక్కడం వల్లనా అన్నది తేల్చుకోలేరు. అమెరికాలో వారాంతాల్లో ఎక్కువమంది ఆడేది బ్రాకెట్ రేసింగ్. అందులో తన కారు ఎంత కాలంలో దాటుతుందో డ్రైవరు ముందే చెప్పాలి. చెప్పినదానికన్నా వేగంగా దాటితే సాధారణంగా ఓడిపోయినట్టే. కాలాన్ని సెకనులో వెయ్యో వంతు దాకా కొలిచే ఆ ఆటలో పరుగు పరుగుకూ తేడా రాకపోవడమే ఆస్తి. ట్యూబు ఇచ్చేది అదే.

రెండో కారణం రిమ్ముకు కొట్టే స్క్రూలు. బలమైన ఇంజిను ఉన్న కారులో టైరు నిలబడి రిమ్ము మాత్రం లోపల తిరిగిపోయే ప్రమాదం ఉంది. దాన్ని ఆపడానికి రిమ్ము అంచుకు రంధ్రాలు చేసి, టైరు బీడ్‌లోకి (రిమ్ములో కూర్చునే అంచులోకి) పొట్టి స్క్రూలు బిగిస్తారు. గాలి ఆ రంధ్రాల చుట్టూ కూడా కారుతుంది. ట్యూబు ఉంటే ఆ బెంగ ఉండదు. అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. స్క్రూ అవసరమైనదానికన్నా పొడుగుదైతే బీడ్‌ను దాటి ట్యూబునే పొడుస్తుంది. స్క్రూలు లేకుండా ట్యూబు వేస్తే ఇంకో ముప్పు. టైరు రిమ్ము మీద జరిగితే దాంతోపాటు ట్యూబూ జరుగుతుంది, రిమ్ము రంధ్రంలో ఇరుక్కున్న వాల్వు మొదట్లో ట్యూబు చిరుగుతుంది, గాలి ఒక్కసారిగా పోతుంది. వాల్వు వంకరగా నిలబడిందంటే టైరు జరిగిందన్నమాట. అనుభవం ఉన్నవాళ్లు టైరు మీదా రిమ్ము మీదా ఎదురెదురుగా ఒక తెల్లగీత గీసి, ప్రతి పరుగు తర్వాత రెండు గీతలూ కలుస్తున్నాయో లేదో చూసుకుంటారు. బీడ్‌ను రింగుతో బిగించి పట్టే బీడ్‌లాక్ రిమ్ములు ఇంతకన్నా భద్రమైనవి, ఖరీదూ ఎక్కువే.

ట్యూబు వేస్తే గీత దాటే వేళ కారు వెనక భాగం ఊగడం తగ్గుతుందని చాలామంది పందెగాళ్లు చెబుతారు. పలచటి పక్కగోడకు లోపల ఇంకో రబ్బరు గోడ ఆసరా అయితే కొంత బిగువు రావడం సహజమే. కానీ ఊగుడుకు తొలి మందు ట్యూబు కాదు, సరైన గాలి, సరైన వెడల్పు రిమ్ము. ఆ రెండూ చూడకుండా ట్యూబు మీద భారం వేయడం పొరపాటు.

నష్టాలూ ఉన్నాయి. పెద్ద స్లిక్కుకు సరిపోయే ట్యూబు ఒక్కొక్కటి కొన్ని పౌండ్లు తూగుతుంది. ఆ బరువు ఉండేది చక్రం అంచుకు దగ్గరగా. అక్కడున్న ఒక పౌండును ముందుకు నెట్టడమే కాదు, గుండ్రంగా కూడా తిప్పాలి కాబట్టి అది డిక్కీలో పెట్టిన దాదాపు రెండు పౌండ్లతో సమానం. సెకనులో వందో వంతు కోసం కారులోంచి సీట్లు కూడా పీకేసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ట్యూబుకూ టైరుకూ మధ్య రాపిడి పుడుతుంది, వేడి పుడుతుంది. ట్యూబ్‌లెస్ టైరుకు మేకు దిగితే గాలి మెల్లగా పోతుంది. ట్యూబు చిరిగితే వాల్వు రంధ్రం గుండా, బీడ్ పక్కల గుండా క్షణాల్లో పోతుంది.

ట్యూబు బిగించడంలో చేయి తిరగాలి. ముందు టైరు లోపల అంటించిన కాగితపు లేబుళ్లన్నీ పీకేయాలి. రిమ్ము లోపలి వెల్డింగు గరుకును నున్నగా రుద్దాలి. టైరు లోపలా ట్యూబు మీదా టాల్కం పౌడరు చల్లాలి. మన ఊళ్లలో పంక్చరు షాపుల్లో ట్యూబుకు పౌడరు రాసేదీ ఇందుకే, రబ్బరు రబ్బరుకు అంటుకోకుండా సర్దుకోవడానికి. కొలత తప్పకూడదు. చిన్న ట్యూబును సాగదీస్తే అది పలచబడుతుంది, పెద్దది వేస్తే మడత పడి, ఆ మడత దగ్గరే తెగుతుంది. గాలి కొట్టి, పూర్తిగా తీసేసి, మళ్లీ కొట్టాలి. అప్పుడే మడతలు విడిపోతాయి. ట్యూబుకూ టైరుకూ మధ్య చిక్కుకున్న గాలి కొన్నాళ్లు మెల్లగా బయటికి వస్తూ ఒత్తిడిని తగ్గిస్తుంది. కొత్త ట్యూబు కూడా కారుతోందని చాలామంది అనుకునేది దీన్నే. బీడ్ కూర్చోడానికి తయారీదారు చెప్పిన హద్దు దాటి గాలి కొట్టకూడదు. చివరికి బాలెన్సింగ్ తప్పనిసరి, ఎందుకంటే ట్యూబు మందం చుట్టూ ఒకేలా ఉండదు.

ట్యూబు కారడాన్ని ఆపుతుంది గానీ వేడిని ఆపలేదు. పరుగుకు ముందు నీళ్లు చల్లి చక్రాలను గిరగిరా తిప్పి రబ్బరును వేడెక్కించే బర్నౌట్‌లో లోపలి గాలి కూడా కొంత వేడెక్కుతుంది. పది పౌండ్ల గాలి ఉన్న స్లిక్కులో ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్ నుంచి 45కు పెరిగితే, వాతావరణ పీడనం కూడా కలుపుకుని లెక్క కడితే, ఒత్తిడి సుమారు 1.2 పౌండ్లు పెరుగుతుంది. అందుకే పందెగాళ్లు ప్రతిసారీ ఒకే తీరుగా బర్నౌట్ చేసి, గాలిని ఒకే దశలో కొలుస్తారు.

రేడియల్ (లోపలి దారాలు అంచు నుంచి అంచుకు అడ్డంగా సాగే) డ్రాగ్ టైర్లు వచ్చాక ట్యూబుల వాడకం తగ్గింది. వాటి లోపల గాలి నిలిపే పొర ఉంటుంది, పక్కగోడ పనితీరు వేరు, గాలి కూడా బయాస్ స్లిక్కుల కన్నా ఎక్కువ పెడతారు. రేడియల్ కోసం తయారుకాని ట్యూబును వాటిలో వేయకూడదు. పూర్తి బీడ్‌లాక్ రిమ్ములున్న కారులోనూ, ప్రతి పౌండూ లెక్కపెట్టే కారులోనూ ట్యూబు లేకుండా వెళ్లడమే మేలు. రిమ్ము స్క్రూలతో, బయాస్ స్లిక్కులతో, వారం వారం బ్రాకెట్ పందేలు ఆడే బరువైన కారుకు మాత్రం ట్యూబు వేసుకోవడమే సరైన పని.