సంగటికి జోడు ఉలవచారు

తిరుమలలో స్వామివారి నైవేద్యానికి వాడే పాత్రల్లో ఒకదానికి ‘మన్రో గంగాళం’ అని పేరు. దొరగారి పేరు దేవుడి పాత్రకి ఎలా వచ్చిందయ్యా అంటే ఓ కథ చెబుతారు. సర్ థామస్ మన్రోకి విడవని కడుపునొప్పిట. ఏ మందూ పనిచేయలేదట. కొండమీది పొంగలి ప్రసాదం తిన్నాక నొప్పి తగ్గిందట. ఆ సంతోషంలో రోజూ గంగాళంతో పొంగలి నైవేద్యం పెట్టేందుకు ఓ గ్రామం ఆదాయం రాసిచ్చాడట. ఇందులో చరిత్ర ఎంతో, భక్తి ఎంతో విడదీయడం నా పని కాదు. మిరియాలూ, జీలకర్రా, నెయ్యీ పడిన వేడి పొంగలి కడుపుకి హాయి అని ఒప్పుకోవడానికి చరిత్రకారులు అక్కర్లేదు కదా!

నా ధ్యాస వేరే సంగతి మీద. 1800లో నిజాం రాయలసీమను కంపెనీకి అప్పగించాక, ఆ దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, అనంతపురం ముఖ్యస్థానంగా 1807 దాకా పాలించినవాడు ఈ మన్రోయే. ఆయనకి పొంగలి మందైంది, బాగానే ఉంది. ఆయన శిస్తు వసూలు చేసిన రైతుల ఇళ్ళల్లో ఏది తిండి, ఏది మందు?

బియ్యం మాత్రం కాదు. అనంతపురంలో సాలుకి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్యపు మేఘాలు ఇంత దూరం వచ్చేసరికి ఖాళీ అయిపోతాయి. చెరువు కింద నాలుగు మళ్ళున్న మారాజుకి వరి. మిగిలినవాళ్ళకి ఉత్తరాన గుంతకల్లు, తాడిపత్రి వైపు నల్లరేగడిలో జొన్న, దక్షిణాన హిందూపురం, మడకశిర వైపు రాగి. వీటికి తోడు కొర్ర, సామ, ఉలవ. పండగనాడు వరన్నం. అది వండిన ఇంటికి ఆ పూట గౌరవమే వేరు.

ఈ గౌరవం గొడవ పాతదే. కన్నడంలో కనకదాసు పదహారో శతాబ్దంలో ‘రామధాన్య చరిత్రె’ అని ఓ కావ్యమే రాశాడు. వరికీ రాగికీ నేను గొప్పంటే నేను గొప్పని తగవు. తీర్పు చెప్పమంటే శ్రీరాముడు రెంటినీ ఆర్నెల్లు చెరలో పెట్టించాడు. తీసి చూస్తే వరి నీరసించిపోయింది, రాగి నిక్షేపంలా ఉంది. రాముడు రాగికే తన పేరిచ్చాడు. నవ్వులాటగా ఉన్నా ఇందులో ఇల్లాలికి తెలిసిన నిజం ఉంది. రాగి గింజకి పురుగు అంత తేలిగ్గా పట్టదు. పాతరలో పోసి మూస్తే ఏళ్ళ తరబడి నిలవుంటుంది. రెండేళ్ళకోసారి వాన మొహం చాటేసే సీమలో ఇంతకన్నా పెద్ద మందేముంటుంది?

అయితే గింజ ఒక్కటే చాలదని తేలింది 1876–78 కరువులో. పెద్దవాళ్ళు ‘ధాత కరువు’ అనేది దీన్నే. మద్రాసు రాజధానిలో లక్షల మంది పోయారు. అందులో బాగా దెబ్బతిన్నవి మన దత్తమండలాలు. (అనంతపురం అప్పటికి బళ్ళారి జిల్లాలో భాగం. విడి జిల్లా అయింది 1882లో.) ఖర్చు తగ్గించమని వచ్చిన రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో కరువు పనుల్లో రాళ్ళు మోసే మగవాడి కూలిని రోజుకి ఓ పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చేశాడు. పౌనంటే సుమారు 450 గ్రాములు. ఆడకూలీకి ఇంకా తక్కువ. అప్పుడు మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ తిరగబడ్డాడు. ఇంత గింజతో పనిచేసే మనిషి బతకడు, గింజ పెంచినా దాని పక్కన పప్పూ కూరా ఉండాలి అని వాదించాడు. తర్వాత కూలి కాస్త పెంచారు. ఈలోగా పోయినవాళ్ళు పోయారు.

కార్నిష్ కాగితం మీద కొట్లాడిన మాటని సీమ ఆడవాళ్ళు కంచంలో ఎప్పుడో పెట్టారు. సంగటి ఉత్త సంగటిగా ఎవరూ తినరు. దాని నడుమ గుంట చేసి ఉలవచారో, పప్పో, పుండాకు పులుసో పోస్తారు. పక్కన ఊరిబిండి. వాన పడితే చేలగట్ల మీద చెంచలాకు, గురుగాకు ఏరుకొచ్చి ఎర్రగడ్డ వేసి వండేవారు. డబ్బు పెట్టి కొన్నది ఉప్పు ఒక్కటే అనుకోండి.

ఈ జోడు ఎందుకు కుదిరిందో మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చూస్తే తెలుస్తుంది. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం. అదే తూకం ఆవుపాలలో 120, తెల్లబియ్యంలో పదికి అటూ ఇటూ. మరి రాగిలో మాంసకృత్తులు తక్కువ, ఏడు గ్రాములే. ఉలవల్లో ఇరవై రెండు. ముద్దలో లేనిది చారులో ఉందన్నమాట.

ఇక అంబలి. రాగిపిండి నీళ్ళలో కలిపి రాత్రంతా కుండలో ఉంచేస్తారు. తెల్లారేసరికి పులుస్తుంది. అది కాచి, చల్లార్చి, మజ్జిగా ఉప్పూ కలిపి, పచ్చి ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగి పొలానికి వెళ్ళేవారు. ఎండలో చెమటతో పోయే నీరూ ఉప్పూ తిరిగి ఒంటికి పడతాయి. అంతేకాదు, రాగిలో ఫైటేట్ అనే పదార్థం ఉంది. ఇనుమునీ సున్నాన్నీ పట్టుకుని ఒంటికి పట్టనివ్వదు. పులియబెడితే దాని పట్టు సడలుతుంది. మొలకెత్తించినా అంతే. పసిబిడ్డలకి రాగులు మొలకగట్టి, ఎండబెట్టి, వేయించి, విసిరి జావ కాచడం ఇందుకే. మొలక పిండితో కాస్తే జావ పలచగా ఉంటుంది, పిండి ఎక్కువ పడుతుంది, చిన్న పొట్టలోకి బలం ఎక్కువ పోతుంది. ఫైటేట్ పేరు వినని జేజమ్మలు ఈ పని తప్పకుండా చేశారు.

మరి ఇంత మంచి తిండి ఎందుకు వదిలేశాం? ఇక్కడ ‘మన అమ్మాయిలకి ఫాషన్లు ఎక్కువయ్యాయి’ అని నిట్టూర్చే పెద్దమనుషులు ఒక్క పూట కొర్రలు దంచి చూడాలి. రోట్లో పోసి దంచి, చెరిగి, మళ్ళీ దంచి, మళ్ళీ చెరిగితేగాని పొట్టు వదలదు. రాగులు కోడికూతకి లేచి విసుర్రాయి మీద విసరాలి. కిలో రెండు రూపాయల బియ్యం 1983లో వచ్చినప్పుడు అనంతపురం ఆడవాళ్ళ చేతులు ఎంత తేలికపడ్డాయో ఆ నిట్టూర్పుల్లో ఎక్కడా వినబడదు. పస్తులు తప్పాయి. అది చిన్న విషయం కాదు. ఈలోగా మగవాళ్ళు చేలల్లో కొర్ర, సామ తీసేసి చెనిక్కాయ వేశారు. పిల్ల పెళ్ళికీ, కొడుకు చదువుకీ నగదు కావాలి. కొర్ర అమ్మితే ఏమొస్తుంది? లక్షల ఎకరాలు ఒక్క పంటకే పోయాయి. వాన తప్పినప్పుడు చెనిక్కాయా పోయింది, అప్పు మిగిలింది, ఇంట్లో పాతరా లేదు.

కంచంలో తెల్లన్నం పెరిగి పప్పూ ఆకూ తగ్గిన చోట నష్టం ముందు ఎవరి ఒంట్లో కనబడుతుందో వేరే చెప్పాలా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో సగానికి మించి రక్తం తక్కువవాళ్ళే. అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినే మన అలవాటుకి ఇందులో వాటా లేదనగలమా?

ఇప్పుడు సిరిధాన్యాలకి మళ్ళీ రోజులొచ్చాయి. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ వాళ్ళు 1990 నుంచీ పనిచేస్తూ, రైతుల చేత మళ్ళీ కొర్రలూ సామలూ పండించారు. సంతోషమే. కానీ పట్నంలో డబ్బాల మీద రాసేవన్నీ నమ్మకండి. రాగిముద్ద కూడా పిండిపదార్థమే. చక్కెర వ్యాధి ఉన్నవారు పెద్ద ముద్ద తింటే చక్కెర పెరుగుతుంది. జావలో మూడు చెంచాల పంచదార వేసుకుని మందనుకుంటే ఎలా? ఉలవ నీళ్ళు మూత్రపిండాల్లో రాళ్ళని కరిగిస్తాయని సీమలో గట్టి నమ్మకం. నీళ్ళు ఎక్కువ తాగడం మంచిదే, నొప్పి వస్తే మాత్రం డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. భోజనం కాగానే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మకాయో ఉసిరికాయో పక్కనుంటే పడుతుంది.

చింతపండుదీ ఇలాంటి కథే. అనంతపురంలో చాలా ఊళ్ళ బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. పళ్ళు పచ్చబడతాయి, ముదిరితే ఎముకలు బిగుసుకుపోతాయి. చింతపండు తిన్న బడిపిల్లల మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయినట్టు పోషకాహార సంస్థవారు 2002లో ప్రకటించారు. పులుసు మీద అభిమానం ఉన్నవాళ్ళకి తీపికబురే! అయినా ఊరికి అసలు మందు మంచినీళ్ళు. 1995–96లో సత్యసాయి తాగునీటి పథకం వచ్చాక వందల పల్లెల్లో ఆడవాళ్ళు ఆ మందు రుచి చూశారు.

2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పిల్లలకి వారానికి మూడు రోజులు రాగిజావ పోయడం మొదలుపెట్టారు. బెల్లం వేసి కాచారు. మజ్జిగా, ఉప్పూ, ఎర్రగడ్డా ఎరగని నాలుకలు కదా, తీపిగా ఉంటేగాని గ్లాసు ఖాళీ కాదు మరి!