బిలస్వర్గం ఎముకలకు పేర్లు పెట్టిన కథ

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. కోటలు, గుడులు, శాసనాల గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. నాకు కాస్తో కూస్తో తెలిసినవి ఎముకలు. అందుచేత బేతంచెర్ల దగ్గర బిలస్వర్గం గుహల్లో దొరికిన ఎముకలు ఏ జంతువులవో పెద్దలు ఎలా తేల్చారో, తేల్చిన తరువాత ఏం జరిగిందో రాస్తున్నాను. అప్పటి కర్నూలు జిల్లాలోని ఈ గుహలు 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్నాయి.

ఈ గుహల్లో ఎముకలున్నాయని మొదట లోకానికి చెప్పినవాడు కెప్టెన్ న్యూబోల్డ్ అనే మద్రాసు సైన్యాధికారి. 1844లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు. ఆ తరువాత దాదాపు నలభై ఏళ్ళు ఎవరూ అటు తొంగిచూడలేదు. చివరికి ఇంగ్లండులోని ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు హక్స్లీ, మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు ఉత్తరం రాసి, ఆదిమానవుడి ఆనవాళ్ళ కోసం మన గుహలను వెతికించమని సూచించాడు. ఫైలు కదలడానికి ఒక పెద్దమనిషి ఉత్తరం కావలసివచ్చిందన్నమాట. సర్వీసు చేసినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యం ఏమీ ఉండదు.

పని జియలాజికల్ సర్వేకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ మీద పడింది. 1863లో పల్లావరం దగ్గర రాతి గొడ్డలిని గుర్తించి, మన దేశంలో పాతరాతియుగం ఉందని రుజువు చేసిన వ్యక్తి ఈయనే. 1884లో గుహల్లో తవ్వకం మొదలుపెట్టారు. తరువాత ఆయన కుమారుడు, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న హెన్రీ ఫుట్, తవ్వకాన్ని కొనసాగించాడు. గుహలకు తండ్రీకొడుకుల కాలంలో ఇంగ్లీషు పేర్లు వచ్చాయి. ఒకటి కేథడ్రల్, ఒకటి పర్గేటరీ, ఎముకలు ఎక్కువగా ఉన్నది చార్నెల్ హౌస్, అంటే అస్థికల ఇల్లు. ఫుట్ దొర 1891లో రిటైరై కూడా ఊరుకోలేదు, బరోడా సంస్థానంలో మళ్ళీ కొలువు చేశాడు. ఇది మన సభ్యుల కోసం చెబుతున్న మాట.

బస్తాలకొద్దీ ఎముకలు దొరికితే దొరికాయి, అవి ఏ జంతువులవి? ఆ పని రిచర్డ్ లిడెక్కర్‌కు అప్పగించారు. ఆయన నివేదిక 1886లో అచ్చయింది.

మా కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షకు బల్ల మీద విడి ఎముకలు పెట్టి, ఏమిటో గుర్తించమనేవాళ్ళం. స్పాటర్స్ అనేవాళ్ళం. అవి కుందేలువో, పావురానివో, కప్పవో తప్ప వేరేవి కావని పిల్లలకు ముందే తెలుసు. గుహలో ఆ సౌకర్యం లేదు. అక్కడ దొరికినది ముక్క. దాన్ని తెలిసిన జంతువుల ఎముకల పక్కన ఒక్కొక్కటిగా పెట్టి పోల్చి చూడవలసిందే, అడ్డదారి లేదు. అన్నిటికన్నా గట్టి సాక్షి పన్ను. పింగాణీ పూత వల్ల అది ఎముక కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది, పైగా తిండిని బట్టి ఆకారం మారుతుంది. మనుబోతు పన్నునూ గాడిద పన్నునూ చూస్తే, రెండూ గడ్డి నమిలేవే అయినా, అరిగిన తలం మీద పింగాణీ గీతలు వేరువేరుగా మలుపులు తిరిగి ఉంటాయి.

దుమ్ములగొండి సంగతి ఇంకా బాగుంటుంది. పాత తెలుగులో దుమ్ము అంటే ఎముక. ఎముకలు కొరికే జంతువని మనవాళ్ళు పేరులోనే చెప్పారు. మన కొండల్లో ఉండేది చారలది, ఆఫ్రికాలో ఉండేది మచ్చలది. పై దవడలో అన్నిటికీ వెనుక ఉండే పన్ను మచ్చలదానికి మరీ చిన్నది, చారలదానికి పెద్దది. చర్మం లేకపోయినా రెంటినీ వేరు చేయవచ్చు. లిడెక్కర్ కర్నూలు ఎముకల్లో మచ్చల దుమ్ములగొండిని గుర్తించాడు!

ఆయన జాబితాలో పులి, చిరుత, ఎలుగుబంటి, కొండముచ్చు, పునుగుపిల్లి, ఏదుపంది వంటి మనకు తెలిసినవి ఉన్నాయి. ఆఫ్రికా వైపు బబూన్ వంటి కోతి ఉంది. ఖడ్గమృగం ఉంది, దానికి కర్నూలియెన్సిస్ అని మన ఊరి పేరే కలిపి పెట్టాడు. అలుగుకు అసలు పళ్ళే ఉండవు కదా, మరి దాన్ని ఎలా పట్టుకోవాలి? గోరు మొలిచే వేలి చివరి ఎముక దానికి కొన దగ్గర రెండుగా చీలి ఉంటుంది. అలాంటి వేలి ఎముకను చూసే లిడెక్కర్ అది ఆఫ్రికాలోని పెద్ద అలుగుదని అన్నాడు. ఒక్క వేలి ఎముక మీద అంత పెద్ద మాట అనడం సాహసమేనని నాకు అనిపిస్తుంది.

అసలు తగాదా మాత్రం వేరే చోట వచ్చింది. కొన్ని ఎముకలను మనిషి చెక్కి పనిముట్లుగా చేశాడని ఫుట్ చెప్పాడు. అయితే ఏదుపందికి ఎముకలు గీకే అలవాటుంది. జీవితాంతం పెరిగే ముందుపళ్ళను అరగదీసుకోవడానికి, సున్నం కోసం, గుహలోకి ఎముకలు మోసుకుపోతుంది. అది గీకిన చోట పక్కపక్కన సమాంతరంగా గాళ్ళు పడతాయి. దుమ్ములగొండి కొరికితే గుంటలు పడతాయి, అంచులు చిట్లుతాయి. రాతి కత్తి గీత సన్నగా, లోతుగా ఉంటుంది. ఎముక చేతిలో ఉంటే ఏది ఏదో తేల్చవచ్చు. దురదృష్టం ఏమంటే, ఫుట్ చూపిన ఆ పనిముట్లు తరువాతి పరిశోధకులకు చూడడానికి దొరకలేదు. రాసిన నివేదిక మిగిలింది, వస్తువు మిగలలేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. పేరు తప్పయితే దిద్దుకోవచ్చు, ఎముకే పోతే దిద్దడానికి ఏముంది?

1970లలో శ్రీ ఎం.ఎల్.కె. మూర్తి గారు ఆ ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వకం జరిపారు. సీమలో గుహను గవి అంటామని ఇతర ప్రాంతాల సభ్యులకు మనవి. అక్కడ రాతి పనిముట్లతో పాటు ఎముక పనిముట్లు, నిప్పు రాజేసిన పొయ్యి ఆనవాలు బయటపడ్డాయి. ఇక్కడ మనిషి ఉన్నాడన్న ఫుట్ మాటకు అలా బలం వచ్చింది. అయినా ఫుట్ చూపిన ముక్కల్లో ఏది మనిషి పని, ఏది ఏదుపంది పని అన్నది దాంతో తేలదు.

బిలస్వర్గంలోనే మరోసారి తవ్వి, పొరలకు కాలనిర్ణయం చేసిన పరిశోధన 2014లో అచ్చయింది. ధార్వాడకు చెందిన శ్రీ రవి కోరిశెట్టర్ గారు కూడా అందులో పాల్గొన్నారు. గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు కనీసం లక్ష ఏళ్ళుగా ఉపఖండంలో కొనసాగుతూ వచ్చాయని, చాలావాటి చరిత్ర రెండు లక్షల ఏళ్ళ దాకా వెళుతుందని అందులో తేలింది. అమెరికా, ఆస్ట్రేలియా ఖండాల్లో పెద్ద జంతువులెన్నో అంతరించిన కాలంలో మనవి తట్టుకున్నాయి. కొన్ని చోటు మారాయి, అంతే.

బేతంచెర్ల నాపరాళ్ళకు పేరుపొందిన ఊరని తెలిసిందే. అటువైపు బంధువులున్నవారు, క్వారీలో గాని గుట్టమీద గాని పాత పన్నో ఎముకో కనబడితే కడగవద్దనీ, పెకలించవద్దనీ పిల్లలకు చెప్పండి. ఏ చోట, ఎంత లోతున ఉందో కాగితం మీద రాసి, ఫోటో తీసి, దగ్గరి మ్యూజియం వారికో పురావస్తు శాఖ వారికో తెలియజేస్తే చాలు. చోటు తెలియని ఎముకకు విలువ సగం పోయినట్టే.

చూడదలచినవారికి బేతంచెర్ల రైల్వేస్టేషను డోన్, నంద్యాల మధ్య వస్తుంది. గుహలు ఊరికి దగ్గరే. మోకాళ్ళు సహకరించేవారు చలికాలంలో వెళ్ళడం మేలు, టార్చిలైటు మరచిపోవద్దు.