కొట్టేసిన అంకె

పల్నాడులో తిరునాళ్ళకి వెళ్ళినవాళ్ళకి ఎడ్ల బండలాగుడు పోటీల లెక్క తెలిసే ఉంటుంది. ఇచ్చిన టైములో ఎడ్లజత బండని ఎన్ని అడుగులు లాగితే అన్ని అడుగులూ దాని ఖాతాలోకే. మధ్యలో చతికిలబడినా అప్పటిదాకా లాగిన దూరాన్ని ఎవరూ తీసెయ్యరు. వెయిట్‌లిఫ్టింగ్‌లో ఆ దయ లేదు. ఎత్తితే అంకె ఉంటుంది, ఎత్తలేకపోతే దాన్ని కొట్టేస్తారు. నరసరావుపేటలో ఆ ఎడ్ల పందేలు చూస్తూ పెరిగిన నాకు, కరణం మల్లీశ్వరి ఫలితం చదివినప్పుడల్లా చూపు కొట్టేసిన అంకె మీదే ఆగుతుంది.

ఆమెది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర వూసవానిపేట. గురువు నీలంశెట్టి అప్పన్న. 1994లో, 1995లో 54 కేజీల విభాగంలో ప్రపంచ చాంపియన్. 1995లోనే 113 కేజీలతో రికార్డు. మరుసటి ఏడాది అట్లాంటా ఒలింపిక్స్ జరిగాయి. కానీ అక్కడ ఆడవాళ్ళకి వెయిట్‌లిఫ్టింగ్ పోటీయే లేదు! ప్రపంచంలో తనని మించినవాళ్ళు లేని రోజుల్లో ఆమెకి ఆ తలుపు మూసే ఉంది. తెరిచింది 2000లో, సిడ్నీలో. అప్పటికి ఆమెకి 25 ఏళ్ళు, పోటీ చేస్తున్నది 69 కేజీల విభాగంలో.

సెప్టెంబర్ 19 నాటి పట్టిక చూడండి. చైనా అమ్మాయి లిన్ వైనింగ్ స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 132.5. హంగరీ నుంచి వచ్చిన ఎర్జెబెట్ మార్కుష్ 112.5, 130. ఇద్దరికీ మొత్తం 242.5. ఒంటి బరువు తక్కువ కాబట్టి బంగారం లిన్‌ది. మల్లీశ్వరి 110, 130. అంటే స్నాచ్‌లో బంగారంతో సమానం, జర్క్‌లో వెండితో సమానం. మొత్తం 240 దగ్గర కంచు. తేడా రెండున్నర కేజీలు.

ఇక ఆఖరి ప్రయత్నం. 130 తర్వాత బార్ మీద ఏకంగా 137.5 పెట్టించారు. అది లేస్తే మొత్తం 247.5, బంగారం ఖాయం. లేవలేదు. 135 సరిపోయేది కదా అని ఇవాళ స్ప్రెడ్‌షీట్ ముందు కూర్చుని నాలాంటివాడు తేలిగ్గా తేల్చేస్తాడు. కానీ ఏడున్నర కేజీలు పెంచి బార్ దగ్గరికి నడిచి వెళ్ళిన మనిషి కంచు కోసం వెళ్ళలేదని మాత్రం ఆ అంకె చెబుతోంది.

జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో ఆమె గురించి ఒకటే వాక్యం ఉంటుంది: ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. నిజమే. సిడ్నీలో దేశం మొత్తానికి దక్కిన పతకం కూడా అదొక్కటే. అయితే ఆ వాక్యం చదివితే, ఏదో దొరికినదానితో సంతోషపడి తిరిగొచ్చినట్టు ఉంటుంది. రెండుసార్లు ప్రపంచాన్ని గెలిచి, ఒలింపిక్స్ తలుపు తెరుచుకునేదాకా ఆగినామె బంగారం కోసమే వెళ్ళింది. ఈసారి ఆమె గురించి ఎవరికైనా చెప్పేటప్పుడు 240తో పాటు ఆ 137.5 కూడా చెప్పండి.